రెండు గ్రూపుల సగటులను పోల్చే టీ టెస్ట్: తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రాజెక్టులు, థీసిస్‌లు రాసేవాళ్ల డేటా చూసిపెడుతుంటే అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. అడిగినవాళ్ల మాటల్లోనే ప్రశ్నలను ఉంచి, ఏ దశలో వచ్చే సందేహాన్ని ఆ దశ కింద పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## టెస్ట్ మొదలు పెట్టే ముందు

రెండు సగటులు వేరని కంటికే కనిపిస్తోంది కదా, మళ్లీ టెస్ట్ ఎందుకు?

ఒకే బస్తాలోంచి రెండు గుప్పిళ్ల గింజలు తీసి ఒక్కో గింజా తూచినా, రెండు గుప్పిళ్ల సగటు బరువు అచ్చంగా ఒకటే రాదు. శాంపిల్ తీసిన ప్రతిసారీ సగటు కాస్త అటూ ఇటూ కదులుతుంది. అందువల్ల తేడా ఎలాగూ ఉంటుంది. ఈ కదలిక ఒక్కటే ఇంత తేడా తేగలదా అన్నది మనం అడగాల్సిన ప్రశ్న. సగటుల తేడాను, ఆ తేడాకు ఉండే స్టాండర్డ్ ఎర్రర్‌తో (శాంపిల్ మారితే ఆ తేడా మామూలుగా ఎంత ఊగుతుందో చెప్పే కొలత) భాగిస్తే వచ్చేదే టీ విలువ. టీ 3 వచ్చిందంటే, శాంపిల్ మారినప్పుడు మామూలుగా వచ్చే ఊగిసలాటకు మూడింతల తేడా మీ డేటాలో ఉందని అర్థం.

'స్వతంత్ర' శాంపిల్స్ అంటే ఏమిటి? నావి స్వతంత్రమో కాదో ఎలా తెలుస్తుంది?

ఒక గ్రూపులోని ఏ విలువకూ రెండో గ్రూపులో జత ఉండకూడదు. అదే మనుషుల్ని శిక్షణకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి కొలిస్తే ప్రతి 'ముందు' విలువకూ ఒక 'తర్వాత' విలువ జతగా ఉంటుంది. కవలల్ని చెరో గ్రూపులో వేసినా అంతే. వాటికి జత టీ టెస్ట్ చేయాలి. ఒక చిన్న పరీక్ష చెబుతాను: రెండో గ్రూపు విలువల వరుసను కలగాపులగం చేసేయండి. ఏ సమాచారమూ పోలేదనిపిస్తే అవి స్వతంత్రం. 'అయ్యో, ఎవరిది ఎవరిదో తెలియకుండా పోయిందే' అనిపిస్తే జతలు ఉన్నట్టు.

ఇంతవరకు చాలామందికి తెలుసు. తెలియక నష్టపోయేది రెండో రకం స్వతంత్రత దగ్గర. ఒకే గ్రూపు లోపల కూడా విలువలు ఒకదానిపై ఒకటి ఆధారపడకూడదు. మూడు ఎలుకల నుంచి పదేసి కణాలు కొలిచి 'శాంపిల్ సైజు 30' అని రాస్తారు. ఒకే ఎలుక కణాలు ఒకదాన్నొకటి పోలి ఉంటాయి కాబట్టి, మీరు నిజంగా చూసింది మూడు ఎలుకలనే. 30 అని వేస్తే స్టాండర్డ్ ఎర్రర్ ఉన్నదానికన్నా బాగా చిన్నదిగా కనిపిస్తుంది, పి విలువ (నిజానికి తేడా లేకపోయినా ఇంత తేడా గానీ ఇంతకన్నా ఎక్కువ గానీ వచ్చే అవకాశం) ఎక్కడికో పడిపోతుంది. ఒకే తరగతి గదిలోని పిల్లలు, ఒకే కుండీలోని మొక్కలు, ఒకే మనిషి ఇచ్చిన ఇరవై జవాబులు, అన్నిటిదీ ఇదే కథ. ప్రతి ఎలుకకూ ఒక సగటు తీసి ఆ సగటుల మీద టెస్ట్ చేయడం తేలికైన దారి. మిశ్రమ నమూనాలు (ఏ కణం ఏ ఎలుకదో కూడా లెక్కలోకి తీసుకునే పద్ధతి) వాడటం కాస్త కష్టమైన, మెరుగైన దారి. టీ టెస్ట్‌కు ఉన్న షరతుల్లో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. మీరు చెప్పకపోతే దీన్ని ఏ సాఫ్ట్‌వేరూ తనంతట తాను కనిపెట్టలేదు, సరిచేయలేదు.

స్టూడెంట్ టీ టెస్ట్ అంటే విద్యార్థుల కోసం తయారు చేసినదా?

కాదు, అది ఒక మారుపేరు. విలియం సీలీ గాసెట్ డబ్లిన్‌లోని గిన్నెస్ బీరు కంపెనీలో పనిచేసేవాడు. అక్కడ బార్లీ లాంటి ముడిసరుకులపై చేసే ప్రయోగాల్లో చేతికి వచ్చేవి కొద్దిపాటి కొలతలే. అంత చిన్న శాంపిల్స్‌కు అప్పటి నార్మల్ (గంట ఆకారపు పంపిణీ) పట్టికలు సరిపోవని గుర్తించి, 1908లో 'బయోమెట్రికా' పత్రికలో 'స్టూడెంట్' అనే పేరుతో వ్యాసం ప్రచురించాడు. తర్వాత రోనాల్డ్ ఫిషర్ దాన్ని డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడం (సగటులు లెక్కించాక డేటాలో ఇంకా స్వేచ్ఛగా మారగల విలువల సంఖ్య) ఆధారంగా విస్తరించి, 1920లలో రెండు గ్రూపుల పోలికకు ఇప్పుడు మనం వాడే రూపం ఇచ్చాడు. కొద్ది కొలతలతో నిజాయితీగా ఎంతవరకు చెప్పగలం అన్న ప్రశ్నలోంచే ఈ టెస్ట్ పుట్టింది. వాడేటప్పుడు నేను ఆ సంగతి గుర్తు పెట్టుకుంటాను.

ఒక్కో గ్రూపులో ఎంతమంది ఉండాలి? 30 చాలంటారు కదా?

30 అన్న అంకెకు ఏ మహిమా లేదు. ఎంత తేడాను పట్టుకోవాలనుకుంటున్నారో దాన్నిబట్టి సైజు మారుతుంది. 5 శాతం స్థాయిలో (పి 0.05 లోపు వస్తేనే తేడా ఉందని ఒప్పుకుంటూ), రెండువైపుల టెస్ట్‌తో (తేడా ఏ దిక్కున వచ్చినా లెక్కలోకి తీసుకునేది), నిజంగా తేడా ఉంటే 80 శాతం సార్లు దొరకాలనుకోండి. తేడా స్టాండర్డ్ డీవియేషన్‌లో (విలువలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) 0.8 వంతు ఉంటే ఒక్కో గ్రూపుకు 26 మంది చాలు. 0.5 వంతు అయితే 64 మంది కావాలి. 0.2 వంతు అయితే దాదాపు 394 మంది. పట్టుకోవాల్సిన తేడా సగమైతే మనుషులు దాదాపు నాలుగింతలు కావాలన్నమాట. ఈ లెక్క డేటా సేకరించక ముందే వేసుకోవాలి. ఫలితం వచ్చాక, వచ్చిన తేడానే పెట్టి 'పవర్' (ఉన్న తేడా దొరికే అవకాశం) లెక్కిస్తే కొత్తగా తెలిసేదేమీ ఉండదు, అది పి విలువనే ఇంకో వేషంలో చూపిస్తుంది.

ఒకవైపు టెస్ట్ చేయాలా, రెండువైపులదా?

రెండువైపులదే చేయండి. తేడా వ్యతిరేక దిక్కులో ఎంత పెద్దగా వచ్చినా 'నాకు అనవసరం' అని డేటా చూడకముందే రాసిపెట్టగలిగితేనే ఒకవైపు టెస్ట్ న్యాయం. డేటా చూశాక ఒకవైపుకు మారితే పి విలువను ఊరికే సగం చేసుకున్నట్టే.

## డేటా చేతికి వచ్చాక

నా డేటా నార్మల్‌గా లేదు. టీ టెస్ట్ చేయకూడదా?

సూత్రం నార్మల్‌గా ఉండాలని కోరేది ఒక్కో గ్రూపు లోపలి విలువలను. రెండు గ్రూపుల్ని కలిపేసి హిస్టోగ్రాం గీసి, రెండు శిఖరాలు చూసి కంగారు పడేవాళ్లు చాలామంది. సగటులు నిజంగానే వేరైతే అలా రావడం సహజం. ఒక్కో గ్రూపును విడిగా చూడండి.

శాంపిల్ పెరిగే కొద్దీ విలువలు నార్మల్‌గా లేకపోయినా వాటి సగటు నార్మల్‌కు దగ్గరవుతుంది. అందుకే ఓ మోస్తరు సైజున్న గ్రూపుల్లో కొద్దిపాటి వంకరను టీ టెస్ట్ బాగానే తట్టుకుంటుంది. చిన్న గ్రూపులకు తోడు ఒకవైపుకు బాగా సాగిన తోక ఉన్నప్పుడే భయం.

డేటా నార్మల్‌గా ఉందా అని చూసే షాపిరో-విల్క్ లాంటి టెస్ట్ మీద మాత్రం నిర్ణయం వదిలేయకండి. ఎనిమిది విలువలున్నప్పుడు అది పెద్ద వంకరనూ పట్టుకోలేదు. రెండు వేలున్నప్పుడు పట్టించుకోనక్కర్లేని వంకరనూ పట్టేస్తుంది. మనకు సాయం కావలసిన చోట గుడ్డిగా, అక్కర్లేని చోట చురుగ్గా పనిచేస్తుందన్నమాట. చుక్కల పటం గీసి కంటితో చూడటమే మేలు.

ఒక విలువ మిగతావాటికి చాలా దూరంగా ఉంది. తీసేస్తే తప్పా?

దూరంగా ఉన్న విలువ తేడాను పెంచి, ఫలితాన్ని తేలిగ్గా తెచ్చేస్తుందని అనుకుంటారు. చాలాసార్లు జరిగేది దీనికి తలకిందులుగా ఉంటుంది. మొదటి గ్రూపు 10, 11, 12, 13, 14 అనుకోండి. రెండోది 14, 15, 16, 17, 18. సగటులు 12, 16. తేడా 4, దాని స్టాండర్డ్ ఎర్రర్ 1, కాబట్టి టీ 4. ఇప్పుడు ఆ 18 స్థానంలో పొరపాటున 48 పడిందనుకుందాం. రెండో సగటు 22 అయి తేడా 10కి పెరిగింది. కానీ స్టాండర్డ్ ఎర్రర్ దాదాపు 6.56కి ఎగబాకింది, టీ 1.5కి పడిపోయింది. తేడా రెండింతలకు పైగా పెరిగినా, ఆధారం కరిగిపోయింది.

తీసేయాలా వద్దా అన్నది ఆ విలువ ఎక్కడి నుంచి వచ్చిందో చూసి తేల్చాలి. టైపింగ్ తప్పు, పరికరం లోపం అని రుజువుంటే సరిదిద్దండి, లేదా తీసేసి కారణం రాయండి. రుజువు లేకపోతే ఉంచండి. ఉంచి ఒకసారి, తీసి ఒకసారి లెక్కించి రెండూ చూపించండి. పి విలువ నచ్చలేదు కాబట్టి తీయడం మాత్రం ఎప్పుడూ సరికాదు.

ఒక గ్రూపులో 40 మంది, ఇంకోదానిలో 15 మంది ఉన్నారు. సమానం చేయడానికి 25 మందిని తీసేయాలా?

వద్దు! చేతికి వచ్చిన సమాచారాన్ని పారేయకండి. సైజులు సమానంగా ఉండాలన్న షరతు ఈ టెస్ట్‌కు లేదు. సైజులు, చెదురు రెండూ వేరుగా ఉన్నప్పుడు వెల్చ్ టీ టెస్ట్ (రెండు గ్రూపుల చెదురు సమానమని అనుకోని టీ టెస్ట్) వాడితే సరిపోతుంది.

ఒక్కో గ్రూపులో ముగ్గురే ఉన్నారు. మాన్-విట్నీ టెస్ట్ చేయమంటున్నారు, చేయనా?

ముగ్గురు, ముగ్గురు ఉన్నప్పుడు, విలువలను కాక వాటి వరుస స్థానాలను చూసే ఆ టెస్ట్ మీకు 0.05 లోపు పి విలువ ఇవ్వనే ఇవ్వలేదు. ఆరు విలువల్ని మూడు, మూడుగా పంచే పద్ధతులు మొత్తం 20. ఒక గ్రూపు పూర్తిగా పైన, ఇంకోటి పూర్తిగా కింద ఉన్నా రెండువైపుల పి విలువ 20లో 2, అంటే 0.1. నలుగురు, నలుగురైతే 70లో 2, అంటే 0.029 దాకా దిగుతుంది. టీ టెస్ట్ సూత్రం ముగ్గురితోనూ పనిచేస్తుంది గానీ, అప్పుడు విలువలు నార్మల్ అన్నది మీరు చూసి చెప్పలేరు, నమ్మి చెప్పాలి. ఆ నమ్మకానికి పాత కొలతలో, ఆ రంగంలోని అనుభవమో ఆధారంగా ఉండాలి.

ఇంకొకటి: మాన్-విట్నీ టెస్ట్ సగటులను పోల్చదు. ఒక గ్రూపు విలువలు ఇంకో గ్రూపు విలువల కన్నా పెద్దవిగా ఉండే మొగ్గు ఉందా అని చూస్తుంది. ప్రశ్న మారుతుంది కాబట్టి, రిపోర్టులో వాక్యం కూడా మారాలి.

## లెక్క వేసేటప్పుడు

చేత్తో ఒకసారి లెక్క చేసి చూపిస్తారా?

తేలిగ్గా ఉండేలా నేను కల్పించిన అంకెలు ఇవి. 40 పదాల జాబితాను ఒక గ్రూపు తమను తాము ప్రశ్నించుకుంటూ నేర్చుకుంది: 16 మంది, సగటున గుర్తున్న పదాలు 28, స్టాండర్డ్ డీవియేషన్ 4. ఇంకో గ్రూపు చదివిందే మళ్లీ చదివింది: 9 మంది, సగటు 22, స్టాండర్డ్ డీవియేషన్ 6.

ముందు వెల్చ్ పద్ధతి. ఒక్కో గ్రూపు వేరియన్స్‌ను (స్టాండర్డ్ డీవియేషన్ వర్గం) ఆ గ్రూపు సైజుతో భాగించండి. మొదటిది 16 ÷ 16 = 1. రెండోది 36 ÷ 9 = 4. కలిపితే 5. వర్గమూలం 2.236, ఇదే తేడాకు స్టాండర్డ్ ఎర్రర్. తేడా 6. కాబట్టి టీ = 6 ÷ 2.236 = 2.68.

డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడం కోసం ఆ 5ను వర్గం చేస్తే 25. కింద, అంటే హారంలో, 1 వర్గాన్ని 15తో (16 - 1), 4 వర్గాన్ని 8తో (9 - 1) భాగించి కలిపితే 2.067. 25 ÷ 2.067 = 12.1. పి విలువ దాదాపు 0.02. పట్టికలో 12కు 5 శాతం హద్దు 2.179. దాన్ని స్టాండర్డ్ ఎర్రర్‌తో గుణిస్తే 4.87. అంటే తేడా 6, దాని 95 శాతం విశ్వాస అంతరం (నిజమైన తేడా ఉండగల పరిధి) 1.13 నుంచి 10.87 వరకు.

ఇప్పుడు అదే డేటాకు పాత స్టూడెంట్ పద్ధతి. రెండు వేరియన్స్‌లనూ కలిపి ఒకటి చేస్తాం: (15 × 16 + 8 × 36) ÷ 23 = 22.96. దాన్ని (1/16 + 1/9)తో గుణించి వర్గమూలం తీస్తే 1.996. టీ 3.0, డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడం 23, పి దాదాపు 0.006. డేటా ఒకటే, పి విలువ మూడింతలకు పైగా తగ్గింది. ఎందుకంటే ఎక్కువ చెదురున్న గ్రూపే చిన్నది. కలిపేసినప్పుడు పెద్ద గ్రూపు తక్కువ చెదురు దాన్ని కప్పేసి, మనకు లేని ధీమా ఇచ్చింది.

స్టూడెంట్ పద్ధతా, వెల్చ్ పద్ధతా? లెవీన్ టెస్ట్ చూసి ఎంచుకోమన్నారు.

నా సలహా: ఎప్పుడూ వెల్చ్. రెండు గ్రూపుల వేరియన్స్ సమానమని స్టూడెంట్ పద్ధతి అనుకుంటుంది, బి. ఎల్. వెల్చ్ ఇచ్చిన పద్ధతి అలా అనుకోదు. వేరియన్స్‌లు నిజంగా సమానమే అయినా వెల్చ్ వల్ల పోయేది చాలా కొద్ది. సమానం కానప్పుడు, అందులోనూ సైజులు వేరైనప్పుడు, స్టూడెంట్ పద్ధతి తప్పుదారి పట్టిస్తుంది. చిన్న గ్రూపులో చెదురు ఎక్కువైతే లేని తేడాను ఉందంటుంది, పెద్ద గ్రూపులో ఎక్కువైతే ఉన్న తేడాను దాచేస్తుంది.

ముందు వేరియన్స్‌లు సమానమా అని చూసే లెవీన్ టెస్ట్ చేసి, దాన్నిబట్టి ఎంచుకోవడం జాగ్రత్తగా కనిపిస్తుంది గానీ, చిన్న శాంపిల్స్‌లో లెవీన్ టెస్టే తేడాను పట్టుకోలేదు. పైగా రెండు అంచెల నిర్ణయం వల్ల మొత్తం పొరపాటు రేటు మీరనుకున్న 5 శాతం దగ్గర నిలవదు.

డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడం 12.1 అని దశాంశంతో వచ్చింది. ఎక్కడో తప్పు చేశానా?

తప్పేమీ లేదు. వెల్చ్ పద్ధతిలో డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడం అంచనా వేసుకునే సంఖ్య, దశాంశంగా రావడమే మామూలు. అది చిన్న గ్రూపు సైజులోంచి ఒకటి తీసేస్తే వచ్చేదానికి తగ్గదు, రెండు సైజుల మొత్తంలోంచి రెండు తీసేస్తే వచ్చేదాన్ని మించదు.

ఒకే డేటాకు ఆర్‌లో ఒక పి విలువ, పైథాన్‌లో ఇంకో పి విలువ వచ్చింది. ఏది నమ్మాలి?

మీరు ఏమీ చెప్పకపోతే ఆర్ వెల్చ్ టెస్ట్ చేస్తుంది. పైథాన్‌లోని సైపై లైబ్రరీలో స్వతంత్ర టీ టెస్ట్ ఫంక్షన్ మాత్రం వేరియన్స్ సమానం అనుకుని స్టూడెంట్ టెస్ట్ చేస్తుంది. ఆ ఎంపికను మారిస్తే రెండూ కలుస్తాయి. ఎస్‌పీఎస్ఎస్ సాఫ్ట్‌వేర్ రెండు వరుసల్లో రెండూ ఇస్తుంది, కింది వరుస వెల్చ్‌ది. ఎక్సెల్ ఫంక్షన్‌లో చివర అడిగే రకం 1 అంటే జత టెస్ట్, 2 అంటే సమాన వేరియన్స్, 3 అంటే అసమాన వేరియన్స్. అక్కడ వచ్చే జవాబు నేరుగా పి విలువ. దాన్ని టీ విలువ అనుకుని పట్టికలో వెతికినవాళ్లను చూశాను.

టీ విలువ మైనస్‌లో వచ్చింది, టెన్షన్‌గా ఉంది.

ఏ గ్రూపులోంచి ఏ గ్రూపును తీసేశారన్నదే ఆ గుర్తు చెప్పేది. వరుస మార్చితే ప్లస్ అవుతుంది, రెండువైపుల పి విలువ మారదు.

## ఫలితం చదివేటప్పుడు

పి 0.03 వచ్చింది. నా పరికల్పన 97 శాతం నిజమైనట్టేనా?

కాదు. పి విలువ లెక్క మొదలయ్యేదే 'నిజానికి తేడా లేదు' అనుకుని. అలా అనుకున్నాక, ఇంత తేడా గానీ ఇంతకన్నా ఎక్కువ గానీ శాంపిల్ చలనం వల్లే వచ్చే అవకాశం 100లో 3 అని మాత్రమే అది చెబుతుంది. పరికల్పన నిజమయ్యే అవకాశం గురించి చెప్పాలంటే, డేటాకు ముందు అది ఎంత నమ్మదగ్గదో కూడా లెక్కలోకి రావాలి. ఈ పొరపాటు ఎంతగా పాకిపోయిందంటే, అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ 2016లో పి విలువల మీద ప్రత్యేకంగా ఒక ప్రకటన విడుదల చేసింది.

పి 0.06 వచ్చింది. తేడా లేదని రాసేయనా?

రాయకండి. 'తేడా ఉందని చూపలేకపోయాం', 'తేడా లేదు' ఒకటి కావు. విశ్వాస అంతరం చూడండి. తేడా -0.3 నుంచి 12.3 వరకు ఉండొచ్చని వస్తే, సున్నా సాధ్యమే, 12 కూడా సాధ్యమే. అంటే మీ డేటా ఇంకా తేల్చలేదు. అదే అంతరం -0.01 నుంచి 0.4 వరకు వచ్చి, మీ రంగంలో 0.4కు విలువ లేకపోతే, అప్పుడు లెక్కపెట్టదగ్గ తేడా లేదనడానికి ఆధారం దొరికినట్టు.

గ్రాఫ్‌లో రెండు ఎర్రర్ బార్లు ఒకదానిమీదికి ఒకటి వచ్చాయి. తేడా లేనట్టేనా?

ఆ బార్లు ఏమిటో ముందు చూడండి. 95 శాతం విశ్వాస అంతరాలైతే, కాస్త కలిసినా తేడాకు ఆధారం ఉండొచ్చు. రెండు సగటుల స్టాండర్డ్ ఎర్రర్‌లు సమానం, శాంపిల్స్ పెద్దవి అనుకుంటే, తేడా ఒక స్టాండర్డ్ ఎర్రర్‌కు 2.77 రెట్లు దాటితే పి 0.05 లోపుకు వస్తుంది. బార్లు విడిపోవాలంటే మాత్రం 3.92 రెట్లు కావాలి. అవి స్టాండర్డ్ ఎర్రర్ బార్లై కలిసిపోతే పి 0.05 లోపు ఉండదు. అవి స్టాండర్డ్ డీవియేషన్ బార్లైతే ఈ ప్రశ్నకు వాటిలో జవాబే లేదు.

నాకు మూడు గ్రూపులున్నాయి. మూడు టీ టెస్ట్‌లు చేయొచ్చా?

ఒక్కో టెస్ట్‌లో 5 శాతం పొరపాటుకు చోటిస్తే, మూడు విడి విడి టెస్ట్‌లకు కలిపి ఎక్కడో ఒకచోట లేని తేడా కనిపించే అవకాశం 14 శాతం దాకా పోతుంది. ముందు అనోవా (అన్ని గ్రూపుల సగటులను ఒకేసారి పోల్చే టెస్ట్) చేయండి, లేదా టెస్ట్‌ల సంఖ్యకు తగ్గట్టు పి విలువలను సవరించండి.

## రిపోర్టు రాసేటప్పుడు

ఫలితాన్ని ఒక వాక్యంలో ఎలా రాయాలి?

రెండు సగటులు, స్టాండర్డ్ డీవియేషన్‌లు, సైజులు, తేడా, దాని విశ్వాస అంతరం, టీ, డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడం, పి. ఉదాహరణకు ఇలా: 'ప్రశ్నించుకుంటూ నేర్చుకున్న 16 మందికి సగటున 28 పదాలు (స్టాండర్డ్ డీవియేషన్ 4), మళ్లీ చదివిన 9 మందికి 22 పదాలు (6) గుర్తున్నాయి. తేడా 6 పదాలు, 95 శాతం విశ్వాస అంతరం 1.1 నుంచి 10.9, వెల్చ్ టీ 2.68, డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడం 12.1, పి 0.02.'

వాక్యంలో పదాల సంఖ్యే ముందు రావాలి. చదివేవారికి కావలసింది అదే. సాఫ్ట్‌వేర్ 0.000 అని చూపిస్తే '0.001 కన్నా తక్కువ' అని రాయండి, పి విలువ ఎప్పుడూ సున్నా కాదు.

కోహెన్ డి కూడా రాయాలా? 0.8 దాటితే పెద్ద ప్రభావమేనా?

తేడాను స్టాండర్డ్ డీవియేషన్‌తో భాగిస్తే వచ్చేది కోహెన్ డి. వేర్వేరు కొలమానాలు వాడిన అధ్యయనాలను పోల్చడానికి పనికొస్తుంది. 0.2 చిన్నది, 0.5 మధ్యస్థం, 0.8 పెద్దది అన్న హద్దులు వేరే ఆధారం దొరకనప్పుడు వాడుకోమని కోహెన్ ఇచ్చినవి. నిమిషాల్లో, గ్రాముల్లో, మార్కుల్లో తేడా చెప్పగలిగినప్పుడు దాన్నే ముందు చెప్పండి.

పి 0.05 లోపు రాలేదు. గైడ్ గారు 'ఇంకేదైనా టెస్ట్ చేసి చూడు' అంటున్నారు. ఏం చేయను?

ఈ ప్రశ్న వెనకున్న ఒత్తిడి నాకు తెలుసు. నాలుగు టెస్ట్‌లు చేసి, నచ్చినదొక్కటే రాస్తే, ఆ పి విలువకు అర్థం పోతుంది. ఎందుకంటే ఆ అంకె ఒక్క టెస్టే చేశారని అనుకుని లెక్కించినది.

గైడ్ గారి దగ్గరికి ఉత్త 'రాలేదండీ' అన్న మాటతో వెళ్లకండి. తేడా ఎంత, దాని విశ్వాస అంతరం ఎక్కడి నుంచి ఎక్కడి వరకు, అందులో మీ రంగానికి ముఖ్యమైన తేడా పడుతోందా లేదా, పడితే దాన్ని తేల్చడానికి ఒక్కో గ్రూపుకు ఎంతమంది కావాలి, ఈ నాలుగూ ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. 'సర్, ఈ డేటా ఇంతవరకే చెబుతోంది, తర్వాతి ప్రయోగానికి ఒక్కో గ్రూపులో ఇంతమంది కావాలి' అని చూపిస్తే, మాట టెస్ట్ మార్చడం మీద నుంచి ప్రయోగం మీదికి మళ్లుతుంది. అదనపు టెస్ట్‌లు చేసి తీరాల్సి వస్తే, చేసినవన్నీ రిపోర్టులో పెట్టి, ఏది ముందే అనుకున్నదో, ఏది తర్వాత చేసిందో స్పష్టంగా రాయండి.